పేర్లు రాసుకోని సంఘం

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయల బండి దగ్గర అందరూ తక్కెడ ముల్లు చూస్తారు, నేను బండివాడి చిటికెనవేలు చూస్తాను. పెళ్ళిపీటల మీద కూడా తాళిబొట్టు గీటురాయి మీద గీసి చూసుకునే రకం అని మా అమ్మ నన్ను తిట్టేది. అలాంటిదాన్ని బైబిలు కాలేజీవాళ్ళు ఏడాది ఇంటర్న్‌షిప్ అని చెప్పి మార్కాపురం పంపించారు.

మా చదువులో మూడో ఏడు అదే పని. ఒక సంఘంలో, ఒక పాస్టరయ్యగారి కింద ఏడాది ఉండాలి. పిల్లలకు ఆదివారం బడి, ఇళ్ళ దర్శనాలు, స్త్రీల కూటం, ఎప్పుడైనా ఒక ప్రసంగం. చివర్లో ఆయన రిపోర్టు రాస్తాడు. అది బాగుంటేనే నాలుగో ఏడు, లేకపోతే ఇంటికి. మాది రేపల్లె వైపు. కాలవగట్టు మీద పుట్టి పెరిగినదాన్ని, పొదిలి దాటాక బస్సు కిటికీలోంచి చూస్తే ఎక్కడా పచ్చటి ముక్క కనపడలేదు. జూన్ నెల. పక్క సీటు ఆవిడ మంచినీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టి తాగమంది. మూత సీలు తీసి ఉంది కాబట్టి నేను తాగలేదు.

బస్టాండులో ఆటో ఎక్కి చర్చి పేరు చెప్పబోతుంటే, ఆటో అతనే "చర్చికొచ్చిన కొత్త పాపవు గదా, అవ్వ ఇంటికే గదా" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే నవ్వాడు. ఇంకా సామాను దించనే లేదు, నా గురించి ఊరంతా తెలుసు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

అవ్వ అంటే నాకు బస ఇచ్చిన పెద్దావిడ. డెబ్బై దాటిన మనిషి. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ అవ్వే. బతుకంతా పలకల ఫ్యాక్టరీలో రాయి అరగదీసి, చెక్క ఫ్రేములు బిగించి, దేశంలో ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు తయారుచేసింది. తను పలక పట్టింది మాత్రం నలభై దాటాకే. ఎప్పుడో ఉన్న ఒక పాస్టరయ్యగారి భార్య చర్చి వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పిందట. అప్పటినుంచి తెల్లారుజామునే లేచి, పెద్దక్షరాల బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివేది. ఆమె చదివిన పుస్తకం అదొక్కటే. నా నిద్ర రోజూ ఆ చదువుతోనే చెడేది.

కూతురూ అల్లుడూ బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయి అక్కడే ఉండిపోయారు. మనవరాలిని అవ్వే పెంచింది. ఆ అమ్మాయి నా ఈడుదే. నేను వెళ్ళేనాటికి టీచరు పరీక్ష రాసి, మెరిట్ లిస్టులో పేరు వచ్చి, సర్టిఫికెట్ల తనిఖీ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఇంట్లో మనుషుల ప్రాణాలన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. పోస్టు వస్తే కూతురూ అల్లుడూ సిమెంటు తట్టలు దించి ఊరికి వచ్చేస్తారు. రాకపోతే ఆ పిల్ల కూడా బెంగుళూరు బస్సు ఎక్కాల్సిందే. రోజుకు పదిసార్లు ఫోను తీసి మెసేజి వచ్చిందేమో చూసుకునేది, అవ్వ ఆ పిల్ల మొహం చూసేది.

మొదటి వారం నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఒకే వరసలో ప్రశ్నలు వేశారు. మీదే ఊరు, మీ నాయన ఏం చేస్తాడు, అన్నదమ్ములెందరు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, కాగితంలో ఏం రాయించినారు అని. కాగితం అంటే కుల సర్టిఫికెట్టు. నేను దాచేదేముంది, బీసీ-సీ అని చెప్పాను. దానితో మాటలు ఆగిపోయేవి. ఒకావిడ తాగుతున్న టీ సగంలో వదిలేసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని లేచిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఎస్సీ కులంలో పుట్టినవాళ్ళు క్రైస్తవులమని రాయించుకుంటే కాగితం మీద ఎస్సీ పోతుంది, బీసీ-సీ అవుతుంది. రిజర్వేషను బాగా తగ్గిపోతుంది. అందుకని చాలామంది బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకుని బతుకుతారు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ నోరెత్తి అనరు. మా నాన్న మాత్రం అన్నాడు. ఆయన కూడా పాస్టరే. ప్రసంగంలో ఒకటి చెప్పి ఆఫీసులో ఒకటి రాయించలేనని, మా అన్నకూ నాకూ బీసీ-సీ అనే తీసుకున్నాడు. మా అన్నకు కానిస్టేబులు ఉద్యోగం రెండు మార్కుల్లో పోయింది. పాత కాగితం ఉంటే వచ్చేది. ఇప్పుడు వాడు కొరియర్ సంచి మోస్తున్నాడు. అందువల్ల రెండు పేర్ల మనుషులంటే నాకు గొంతులో ముల్లు. ఇది దాచిపెట్టి ఈ కథ చెబితే నేనూ అబద్ధమాడినట్టే.

రెండో వారం అయ్యగారు పిలిచి, ఎర్ర గుడ్డ అట్ట ఉన్న పొడుగాటి రిజిస్టరు ఒకటి చేతికిచ్చాడు. ఆయన కూడా కొత్తవాడే, పట్నం నుంచి ఏడాది కిందటే వచ్చాడు. సంఘం పాత రిజిస్టరు చెదలు తినేసిందని, ఇల్లిల్లూ తిరిగి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తీసుకున్న తేదీ రాసుకురమ్మని చెప్పాడు. నీ చేతిరాత బాగుంది, అదీగాక నీ రిపోర్టుకు కూడా పనికొస్తుంది అన్నాడు. ఆ పొగడ్తకు ఉబ్బిపోయాను. అది నా చేతిరాతలోనే ఉండాలని ఆయనకెందుకో అప్పుడు ఆలోచించలేదు. ఎదుటివాళ్ళ చిటికెనవేళ్ళు చూసేదాన్ని, దగ్గరున్న చెయ్యి చూడలేదు.

చెదలు తినగా మిగిలిన పాత పుస్తకం కూడా చూశాను. అందులో ఉన్నవాళ్ళందరూ ముసలివాళ్ళో, పోయినవాళ్ళో. నలభై ఏళ్ళలోపు మనిషి పేరు ఒక్కటి లేదు. ఆదివారం చూస్తే చాపల మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటారు, సగంమంది కుర్రవాళ్ళే. చెదపురుగులకు పడుచువాళ్ళంటేనే ఇష్టమా అని నాలో నేను అనుకున్నాను.

ఇక ఇళ్ళ తిరుగుడు మొదలైంది. నేను ఏ ఇంటికి పోయినా నాకంటే ముందే కబురు పోయి ఉండేది. తలుపు తట్టకముందే టీ గ్లాసు చేతిలోకి వచ్చేది, రిజిస్టరు తెరిస్తే మాత్రం అందరికీ పని గుర్తొచ్చేది. ఆదివారం అందరికంటే గట్టిగా పాడే ఆవిడ, మేం ఊరికే పాటల కోసం వస్తామమ్మా, సభ్యులం కాము అంది. ఇంకొకాయన బాప్తిస్మం గుండ్లకమ్మ ఏట్లో తీసుకున్నాడట, ఎవరిచ్చారో గుర్తులేదట, ఏ ఏడో తెలియదట, నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయట. మరొకరు దర్శి దగ్గర ఎవరో కొత్త పాస్టరు ఇచ్చాడని, ఆయన ఇప్పుడు లేడని చెప్పారు. అప్పుడు అర్థమైంది. ఇక్కడివాళ్ళు బాప్తిస్మానికి తమ ఊరి చర్చిని ఎంచుకోరు. పుస్తకంలోకి ఎక్కకుండా ఎక్కడో ఒక వాగులో, పేరు అడగని చేతుల్లో మునిగి వస్తారు.

ముందుగా ఫోన్లు చేస్తున్నది అవ్వేనని నాకు గట్టి నమ్మకం. నేను చెప్పులేసుకుంటుంటే ఏ వీధికి అని అడిగేది, వీధి మలుపు తిరిగేసరికి ఫోను చెవికి పెట్టుకునేది. నన్ను సంఘంలో నిలబడనివ్వకుండా చేస్తోందని, నా రిపోర్టు చెడగొట్టడానికే నాకు ఇంట్లో చోటిచ్చిందని లెక్క కట్టాను. నా సంచి కూడా వెతుకుతోందేమోనన్న అనుమానం వచ్చి, ఒకరోజు నా తలవెంట్రుక ఒకటి రిజిస్టరు పేజీల మధ్య పెట్టి బయటికి పోయాను. ఆ రోజు ఏమీ కాలేదు. వెంట్రుక పెట్టిన చోటే ఉంది. నాకు సంతోషం కలగాల్సింది పోయి చిరాకు కలిగింది. రోజూ పెడుతూనే వచ్చాను.

మనవరాలితో మాత్రం స్నేహం కుదిరింది. ఇద్దరం కలిసే నీళ్ళ క్యాన్లు మోసేవాళ్ళం. ఆ ఊరి బోరు నీళ్ళు పళ్ళకూ మోకాళ్ళకూ చేటు, తాగడానికి క్యాను నీళ్ళే. ఒక మధ్యాహ్నం అవ్వ ఎవరింటికో ప్రార్థనకు వెళ్ళింది. నేను రిజిస్టరులో గీతలు గీసుకుంటున్నాను. ఆ పిల్ల నా వెనక నిలబడి చాలాసేపు చూసింది. నీకూ బాప్తిస్మం అయిందా అని అడిగాను. అయిందని తలూపింది. రాయమంటావా అని అడిగాను. తలుపు వైపు ఒకసారి చూసి, నా పక్కన కూర్చుంది.

"రాసుకో అక్కా" అంది. "నాకూ యాడో ఒకచోట ఆ పేరు ఉండాల గదా. ఇంతవరకూ ఎవురూ రాయలేదు."

రాశాను. అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో. నాకు పనిలో లోటు ఉండకూడదు కదా, పక్కన ఇంకో గడి గీసి పెట్టాను. బడి పేరు అని. ఆ గడి అయ్యగారు చెప్పింది కాదు, నా సొంత తెలివి. ఒకే మనిషిని రెండుసార్లు రాయకుండా ఉంటుందని. బడి పేరూ, చర్చి పేరూ, బాప్తిస్మం తేదీ, ఒకే వరసలో, ముత్యాల్లాంటి అక్షరాలతో పక్కపక్కనే కూర్చోబెట్టాను. రాసింది ఆ ఒక్క పిల్లదే. మిగతావాళ్ళెవరూ నా గడుల్లో పడలేదు.

మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే వెంట్రుక లేదు.

పట్టేశాననుకున్నాను. వంటగదిలోకి పోతే అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. నేను నోరు తెరిచేలోపే, తల ఎత్తకుండా, నీ పుస్తకం నేనే చూసినా పాపా అంది. సిగ్గు లేదు, జంకు లేదు. నేను అరవడానికి సిద్ధమై వచ్చినదాన్ని, ఏం అరవాలో తెలియక నిలబడ్డాను. అవ్వ మెల్లగా చెప్పింది. ఆ పేజీ ఉంటే పిల్ల ఉద్యోగం పోతుంది. తనిఖీలో ఎవరన్నా అర్జీ పెడితే ముందు చూసేది చర్చి పుస్తకాలే. మొన్న ఏడు గిద్దలూరు వైపు ఒక నర్సు పిల్లకు అట్లాగే అయింది. ఆ పేజీ తీసెయ్యి.

నేను తీయనన్నాను. అంతటితో ఊరుకోలేదు. కోపం వస్తే నా నోట్లో నువ్వుగింజ నానదు. మా నాన్న గురించి చెప్పాను. మా అన్న ఉద్యోగం గురించి చెప్పాను. తెల్లారి లేస్తే బైబిలు చదివే మనిషివి, ఇదేం బతుకు అవ్వా, మా ఇంట్లో అయితే నిజం చెప్పినందుకు ఉద్యోగమే వదులుకున్నాం అన్నాను. ఆ మాట అంటుంటే నాకు చాలా బాగుంది, అది కూడా ఒప్పుకోవాలి.

అవ్వ చాట పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మీ నాయన గొప్పోడే పాపా. కాదనను. మీ అన్నను అడిగినారా?"

అడగలేదు. వాడికి అప్పుడు పదిహేనేళ్ళు. కాగితం మీద మా నాన్న సంతకం చేశాడు, వాడు పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో వాడేమనుకున్నాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి అవ్వకు చెప్పడానికి అహం అడ్డొచ్చింది. పుస్తకం సంచిలో పెట్టి, తాళం వేసుకుని, రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పేజీ మాత్రం తీయలేదు.

మూడో రోజు కబురు వచ్చింది. పిల్ల మీద రెవెన్యూ ఆఫీసులో అర్జీ పడింది, క్రైస్తవురాలై ఉండి ఎస్సీ కోటాలో పోస్టు తీసుకుంటోందని. మంగళవారం ఆఫీసు మనిషి విచారణకు వస్తాడు.

ఇక చూడండి. వీధిలో నేను నడుస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి పోతున్నారు. పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది ఎవరు? బీసీ-సీ కాగితం ఉన్నది ఎవరికి? లెక్క సరిగ్గానే సరిపోయింది, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే కట్టేదాన్ని. శనివారం స్త్రీల కూటంలో ఒకావిడ చేతులెత్తి, ప్రభువా, మా మధ్యనే ఉండి, మా కూడు తిని, మా గుట్టు బయటికి మోసే నోటిని నువ్వే కట్టెయ్యి అని కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. అందరూ ఎప్పుడూ లేనంత గట్టిగా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అన్నాక కళ్ళు తెరిస్తే అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది, ఆ నోరు నాదేనని.

నేను కాదని ఎవరికి చెప్పను? అడిగితే కదా చెప్పేది. అర్జీ పెట్టింది లిస్టులో ఆ పిల్ల తర్వాత పేరున్న అభ్యర్థి తాలూకు వాళ్ళని చాలా నెలల తర్వాత బయటపడింది. అప్పుడు కూడా నన్ను అనుమానించినవాళ్ళు ఎవరూ వచ్చి ఆ మాట తిరిగి తీసుకోలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఎదురుచూశాను, అబద్ధమెందుకు.

అవ్వ మాత్రం నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. కంటి ముందుంటే కాపలా కాయడం సులువని ఉంచుకుందేమో అనుకున్నాను. మనవరాలు అన్నం మానేసింది. రాయమన్నది తనేనని అవ్వకు చెప్పి, గోడకు తల ఆనించి కూర్చుంది. నేను దాని దగ్గరకు పోవడానికి ధైర్యం చేయలేకపోయాను.

మంగళవారం పదింటికి ఆఫీసు మనిషి వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగాడు, ఎండల గురించి మాట్లాడాడు. నేను గోడ పక్కన పీట మీద కూర్చున్నాను. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను, అందులో రిజిస్టరు ఉంది. ఇంట్లో వదిలిపెడితే ఎవరైనా తీస్తారని వెంట్రుక పోయిన నాటినుంచీ నా వెంటే ఉంచుకుంటున్నాను, ఆ రోజూ అలాగే ఉంది.

గోడ మీద ఎప్పుడూ ఉండే చర్చి క్యాలెండరు లేదు. అదే మేకుకు కిరాణా దుకాణం వాళ్ళు ఇచ్చే లక్ష్మీదేవి క్యాలెండరు వేలాడుతోంది. పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు మార్చి ఉంటారు. కానీ చర్చి క్యాలెండరు పెద్దది, ఇది చిన్నది. చుట్టూ గోడ సున్నం తెల్లగా, చదరంగా కనపడుతోంది. ఆయన కూడా అటే చూశాడు. చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు.

ముందు పిల్లను అడిగాడు. చదువు, బడి, తల్లిదండ్రుల పేర్లు. అది ఒక్కొక్కటే చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు చర్చి తరపున వచ్చినదానివంట గదమ్మా అన్నాడు. అవునన్నాను.

"మీ చర్చి పుస్తకంలో ఈ అమ్మాయి పేరుందా?"

అవ్వ నా వైపు చూడలేదు. నేల చూస్తోంది. పిల్ల కళ్ళు మూసుకుంది. మా నాన్న గుర్తొచ్చాడని చెబితే బాగుంటుంది, కానీ గుర్తొచ్చింది మా అన్న. కొరియర్ సంచితో మెట్లెక్కుతున్న వాడి వీపు.

"లేదండి" అన్నాను.

ఆయన సంచి తెరవమంటే ఏమయ్యేదో తెలియదు. అనలేదు. ఆ మనిషికి నిజంగా తెలియలేదా, తెలిసే వదిలేశాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

చివరగా అవ్వను అడిగాడు. అవ్వా, నువ్వు చర్చికి పోతావా అని. వీధిలో ఎవరినడిగినా చెప్పే సంగతి అది. అవ్వ కొంగు సర్దుకుని, పిలిస్తే ఎప్పుడన్నా పోతా ఉంటి సారూ, అమ్మలక్కలతో పొద్దుపోకకు, మాకు ఆ దేవుడు గానీ ఆ పుస్తకం గానీ తెల్దు, నేను సదువుకోలే అంది. ఆయన అదంతా రాసుకుని, చదివి వినిపించి, పెన్ను ఆమె ముందు పెట్టాడు. అవ్వ పెన్ను ముట్టుకోలేదు. చెయ్యి చాపింది. ఆయన ఇంకు డబ్బా తీశాడు.

పేరు రాయడం వచ్చిన మనిషి. నలభై దాటాక, ఆ చర్చి వరండాలోనే నేర్చుకుంది. ఎడమచేతి బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద ఆనించి, ఆయన చాలు అనేదాకా అలాగే నొక్కిపెట్టింది.

ఆయన వెళ్ళిపోయాడు. అవ్వ పెరట్లోకి పోయి, కొబ్బరిపీచుతో, సబ్బుతో బొటనవేలు చాలాసేపు తోముకుంది. నేను రిజిస్టరు తీసి ఆ పేజీ చింపాను. గుడ్డ అట్ట పుస్తకం కదా, కుట్టు గట్టిగా ఉండి సగంలో చిరిగింది, రెండోసారి లాగాల్సి వచ్చింది. తీసుకుపోయి అవ్వ చేతికిచ్చాను. ఆమె కాగితం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ మనవరాలి చర్చి పేరు ఒకసారి కూడబలుక్కుని చదివింది. చదివి, నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టింది. పాపా, అన్నం తిందాం రా అని నన్ను పిలిచింది. నేను తిన్నాను, ఎక్కువే తిన్నాను. భయం తీరితే నాకు ఆకలేస్తుంది.

అయ్యగారికి రిజిస్టరు తిరిగి ఇచ్చేశాను, ఎవరూ రాయించుకోలేదని చెప్పాను. ఆయన చిరిగిన కుట్టు వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అడగకుండా బీరువాలో పెట్టాడు. ఆయనకు మొదటినుంచీ అంతా తెలుసని నా అనుమానం. పైవాళ్ళు రిజిస్టరు అడిగి ఉంటారు. తన చేతికి మట్టి అంటకుండా నన్ను దింపాడు. ఆ సంగతి ముఖం మీదే అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా పోయి వచ్చేశాను. నా రిపోర్టు రాసేది ఆయనే.

ఆ వచ్చిన ఆదివారం నెలలో మొదటి ఆదివారం. ప్రభువు బల్ల ఉండే రోజు, యేసు శరీరమని రొట్టె పంచుకు తినే రోజు. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె విరుస్తాడు, నేను ముక్కల పళ్ళెం పట్టుకుని స్త్రీల వైపు పోవాలి. అవ్వ ఎప్పుడూ కూర్చునే ముందు చాప మీద లేదు. వెతికితే చిట్టచివర, తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చుని ఉంది. వరసగా అందరికీ ఇచ్చుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి వంగాను. చేతులు కొంగు కింద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. తీసుకో అవ్వా అని మెల్లగా అన్నాను. పాట సాగుతోంది, అందరూ చూస్తున్నారు. నేను కదల్లేదు.

"ఎరగనని వేలిముద్ర ఏసినా గదా పాపా" అంది. "ఏ మొకం పెట్టుకొని తినేది?"

నా మొహం మాడిపోయింది. పళ్ళెం పట్టుకుని ముందుకు వచ్చేశాను. అందరికీ అయ్యాక చివర్లో అయ్యగారు నాకు పళ్ళెం చాపాడు. నేనూ అబద్ధం ఆడాను కదా, ఆమె పక్కనే కూర్చుని. ఒక్క క్షణం ఆగాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే పిల్ల సంగతి బయటికొస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం రిపోర్టు. రొట్టె తీసుకుని తిన్నాను.

రెండు నెలలకు పిల్లకు ఆర్డరు వచ్చింది. ముండ్లమూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల. కూతురూ అల్లుడూ బెంగుళూరు నుంచి వచ్చేశారు. చర్చిలో అందరికీ మిఠాయి పంచారు, ఎందుకో మాత్రం ఎవరూ పైకి చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నాకు రెండు ఎక్కువ పెట్టారు. అవ్వ మళ్ళీ నవ్వింది, కోడికూర వండింది, తెల్లారుజామున చదువు మానలేదు. ఆదివారాలు మానలేదు. కానీ ప్రతి మొదటి ఆదివారం తలుపు దగ్గరే కూర్చునేది. నేను పళ్ళెం పట్టుకుని ప్రతిసారీ వంగేదాన్ని, ఆమె ప్రతిసారీ తల ఊపేది. నేను మాత్రం ప్రతిసారీ తిన్నాను.

మే నెలలో నా ఏడాది అయిపోయింది. రిపోర్టు బాగానే వచ్చింది. సామాను ఆటోలో పెట్టాక, ఇక ఉండబట్టలేక అడిగేశాను. అందరం ఆడిన అబద్ధమే కదా అవ్వా, దేవుడికి తెలియదా, ఇంకెంతకాలం ఇట్లా, మళ్ళీ ఎప్పుడు తీసుకుంటావు అని. కోపంగానే అడిగాను, ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

అవ్వ నా భుజం మీద సంచి సరిచేసింది. చాలా రోజుల కిందటే ఆలోచించి పెట్టుకున్నదానిలా, నిదానంగా చెప్పింది.

"ఆ కాగితం మీద అది కూడు తింటా ఉంటే, నేను ఈ రొట్టె ఎట్ల తినేది పాపా? అది రిటైరు అయినాక తింటాలే."

మనవరాలికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు.